ఎర్ర చుక్క పెట్టిన చోటు

ఇల్లు చూపించేటప్పుడు ఎక్కడ నిలబడాలో నాకు నేర్పింది మా బావే.

"ముందు ఇంట్లో ఏ మూల బాగాలేదో కనిపెట్టు. పోయి అక్కడ నిలబడు. నవ్వుతూ మాట్లాడు. కొనేవాళ్ళు నీ మొహం చూస్తారు గానీ నీ వెనకున్న గోడ చూడరు," అనేవాడు. ఆ తర్వాత నన్ను ఎగాదిగా చూసి, "మాట్లాడ్డం నీకెలాగూ నేర్పక్కర్లేదు మిరపకాయ్. నోరు మూసుకోవడం నేర్చుకుంటే చాలు," అని తనే నవ్వుకునేవాడు.

మా బావ ఇళ్ళ ఏజెంటు. కింద ఆఫీసు, పైన కాపురం. కాపురం అంటే అక్కా బావలది. నేను వాళ్ళ మీద పడి తింటున్న మరదల్ని. ఆ మాట అక్క ఎన్నడూ అనలేదు, నాకు నేనే అనుకునేదాన్ని. ఆఫీసులో రెండు బల్లలు, గోడ నిండా తాళంచెవులు తగిలించే కొక్కేలు, బావ బల్ల మీద ఒక ఎర్ర పెన్సిలు ఉండేవి. అమ్మకానికి వచ్చిన ప్రతి ఇంటికీ ఒక కాగితం మీద గదుల నక్షా గీసుకునేవాళ్ళం. మేం నిలబడాల్సిన చోట ఆ పెన్సిలుతో చిన్న చుక్క పెట్టుకునేవాళ్ళం. పెచ్చులూడిన చోట చుక్క. రెక్క పడని కిటికీ దగ్గర చుక్క. కొన్ని ఇళ్ళకైతే నాలుగైదు చుక్కలుండేవి. "ఈ ఇల్లు చూపించాలంటే ఇంకో ముగ్గుర్ని పనిలో పెట్టుకోవాలి బావా," అంటే పగలబడి నవ్వేవాడు.

ఆ ఏడు వానాకాలానికి నాకు కూడా లైసెన్సు వచ్చేయాలి. పరీక్ష పాసయ్యాను. లైసెన్సులిచ్చే బోర్డు వాళ్ళ ఉత్తరం ఒక్కటే తరువాయి. అప్పటిదాకా బావ లైసెన్సు కింద సహాయకురాలిని. నేను చూపించే ప్రతి ఇంటికీ కాగితాల మీద సంతకం ఆయనదే. లైసెన్సు వచ్చాక ఎదురు వీధిలో నా సొంత బోర్డు పెట్టి, బావకే పోటీ వస్తానని బెదిరించేదాన్ని. "ముందు కుర్చీలో పది నిమిషాలు కుదురుగా కూర్చో, తర్వాత బోర్డు పెడుదువుగానీ," అనేవాడు. నిజమే, నాకు కాలు ఒక్కచోట నిలవదు.

టైలరమ్మకి ఆ ఇల్లు చూపించింది వేసవి చివర్లో.

వీధి చివర, నేలమట్టంలో రెండు గదుల ఇల్లు. వెనక గది ఉత్తరం గోడ వానాకాలంలో చెమ్మ లాగుతుంది. అది మాకు తెలుసు. అంతకుముందు అద్దెకున్నవాళ్ళు ఆ గోడ దెబ్బకే ఖాళీ చేస్తే తాళాలు తీసుకున్నది బావే. ఇంటాయన గోడ సంగతి చూడకుండా పైన తెల్లసున్నం కొట్టించి చేతులు దులుపుకున్నాడు. ఎండలు మండిపోతున్నా ఆ సున్నం సరిగ్గా ఆరలేదు. నక్షాలో అక్కడ చుక్క పెట్టింది నేనే.

టైలరమ్మకి యాభై దాటి ఉంటాయి. మెడలో టేపుతోనే వచ్చింది. ముప్పై ఏళ్ళుగా కుట్టుమిషను మోసుకుంటూ అద్దె ఇళ్ళు మారిన మనిషి. దాచుకున్నదంతా పెట్టి మొదటిసారి సొంత ఇల్లు కొనుక్కోబోతోంది. వెనక గదిలోకి రాగానే మెడలోంచి టేపు తీసి అటూ ఇటూ కొలిచింది.

"గదికి చొక్కా కుడతారా ఏంటండీ?" అన్నాను. 

ఆవిడ నవ్వింది. నేను ఉత్తరం గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆ గదిలో ఉన్నంతసేపూ ఆవిడ నా మొహంలోకి చూసే మాట్లాడింది.

"మిషను ఎక్కడ పెట్టుకుంటే బాగుంటుందంటావ్ తల్లీ?"

"కిటికీ పక్కన పెట్టుకోండి, వెలుతురు బాగా వస్తుంది. కుట్టిన బట్టలన్నీ ఈ గోడ వైపు అరల్లో సర్దుకోవచ్చు," అన్నాను. ఈ గోడ అంటే నా వీపు వెనకున్న గోడ. ఆ మాట అనాల్సిన అవసరం లేదు. ఎవరూ అనమనలేదు. నోటి దూల, అంతే.

బయటికి వస్తుంటే, "ఆగాగు," అని నన్ను ఆపింది. నా నీలం డ్రస్సు వీపు మీద తెల్లగా అంటుకుని ఉందట. అరచేత్తో గట్టిగా దులిపింది. "మంచి గుడ్డ, పాడైపోతుంది," అంది. నేను థాంక్సండీ అని చెప్పి తాళం వేసుకున్నాను.

వానలు పట్టుకున్న రెండో నెలలో పోస్టుమాన్ ఆకుపచ్చ కవరు ఇచ్చి వెళ్ళాడు. మూలన బోర్డు ముద్ర. ఇంక నన్ను పట్టుకోవడం ఎవరి తరం? "అక్కా, వచ్చేసింది!" అని కింద నుంచే ఒక కేక పెట్టాను. అక్క గరిటె చేత్తో పట్టుకునే మెట్లు దిగి వచ్చింది. బావ మాట్లాడుతున్న ఫోన్ పెట్టేశాడు. నేను కవరు చింపి, పైకే చదవడం మొదలుపెట్టాను. ఎవరి పేరున వచ్చిందో చూసుకునే ఓపిక కూడా లేదు నాకు.

"మీ ద్వారా ఇల్లు కొన్న ఫిర్యాదుదారు తెలియజేసినది ఏమనగా, వెనక గది ఉత్తరం గోడకు చెమ్మ వస్తుందని తెలిసి కూడా..."

అక్కడ ఆగి కవరు తిప్పి చూశాను, బావ పేరు.

"చదువు," అన్నాడు బావ.

చదివాను. ఆ ఇంటికి సంబంధించిన ఫైలు మొత్తం వారంలోగా పంపాలి. ఇరవై రోజుల తర్వాత విచారణ. దాచారని రుజువైతే లైసెన్సు సస్పెండ్ చేస్తారు.

"ఇప్పుడేమవుతుందండీ?" అంది అక్క. మా ముగ్గురికీ నాలుగు వేళ్ళూ నోట్లోకి వెళ్ళేది ఆ లైసెన్సు మీదే.

"ఏమీ కాదు. ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. మనకి తెలుసని రుజువేది? అద్దెకున్నవాళ్ళు ఎప్పుడో ఊరు మారిపోయారు. గోడ వచ్చి సాక్ష్యం చెబుతుందా?" అన్నాడు బావ. అని, మళ్ళీ ఫోన్ తీశాడు గానీ ఎవరికీ చేయలేదు.

ఫైలు పంపింది నేను. ఏ పని చేసినా పూర్తిగా చేయడం నా రోగం. ఒప్పంద పత్రం, రసీదులు, ఇంటాయన ఉత్తరం, నక్షా, అన్నిటికీ వరసగా నంబర్లు వేసి, దారంతో కట్టి పంపించాను. పంపేముందు బావ ఒక్కో కాగితం తిప్పి చూశాడు. నేను రెండుసార్లు చూశాను. ఎర్ర చుక్క మా ఇద్దరికీ కనిపించలేదు. అంటే, అది అక్కడే ఉంది. కానీ ప్రతి నక్షాలోనూ చూసి చూసి, దాన్ని చూడడం ఎప్పుడో మానేశాం.

ఆ ఇరవై రోజులూ నాకు నిద్రాహారాలు సరిగ్గా లేవు. కొక్కేలకున్న తాళంచెవులు తీసి తుడిచి మళ్ళీ తగిలించేదాన్ని. పోస్టుమాన్ సైకిలు బెల్లు వినిపిస్తే లేచి నిలబడేదాన్ని. నా లైసెన్సు వచ్చేదీ అలాంటి ఆకుపచ్చ కవర్లోనే, బావ లైసెన్సు పోయేదీ అలాంటి కవర్లోనే. ఏ కవరు కోసం చూస్తున్నానో నాకే తెలిసేది కాదు. "ఆ చప్పుడు ఆపవే తల్లీ, తల పగిలిపోతోంది," అని అక్క పైనుంచి అరిచేది. తాళంచెవుల చప్పుడు ఆపితే వాన చప్పుడు వినిపించేది. దానికంటే ఇదే నయం.

విచారణకి నాలుగు రోజుల ముందు బావ అన్నాడు: "నువ్వెళ్ళి నాలుగు మంచి మాటలు చెప్పు. ఆవిడకి నువ్వంటే అభిమానం. ఫిర్యాదు వెనక్కి తీసుకోమను, గోడ సంగతి మనం చూసుకుందాం."

"నువ్వే వెళ్ళు బావా."

"నేను వెళ్తే గొడవ. నువ్వు వెళ్తే పలకరింపు."

అక్క నా చేతికి గొడుగు ఇచ్చింది. "నోరు కాస్త అదుపులో పెట్టుకో," అంది.

వెళ్ళాను. టైలరమ్మ మిషను వెనక గదిలో లేదు, ముందు గదిలోకి లాక్కుంది. వెనక గదిలో అరలు ఖాళీగా ఉన్నాయి. బడివాళ్ళ కోసం కుట్టిపెట్టిన యూనిఫారాలట, తెల్ల చొక్కాలు ముప్పై పైనే, తాడు మీద వేలాడుతున్నాయి. ప్రతి చొక్కా మీదా నల్లటి మచ్చలు. ఉతికినా పోలేదట. బడివాళ్ళు మాకొద్దన్నారట. ఉత్తరం గోడ అడుగు నుంచి నడుమెత్తు దాకా ముదురు రంగు తిరిగి, సున్నం పొరలు పొరలుగా లేచి వస్తోంది. ముక్కు మూసుకోవాల్సిన వాసన.

"నీ మాట విని అరలు అక్కడే కొట్టించాను," అంది ఆవిడ. ఎత్తిపొడుపు కాదు. జరిగింది జరిగినట్టు చెబుతోంది. "నీకేం తెలుసులే పాపం. చూపించి రమ్మంటే వచ్చిన పిల్లవి. మీ బావకి తెలిసే ఉంటుంది. నా కోపమంతా ఆయన మీదే."

నేను బావ చెప్పమన్న నాలుగు మంచి మాటలు వెతుక్కుంటున్నాను.

"అక్కడ నిలబడకమ్మా. డ్రస్సు పాడవుతుంది," అంది ఆవిడ.

చూసుకుంటే ఉత్తరం గోడ దగ్గరే ఉన్నాను. ఎప్పుడు నడిచి వెళ్ళానో తెలియదు. కాళ్ళకి అలవాటైపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటికి పోయి, ఆవిడ ఒప్పుకోలేదని చెప్పాను. అసలు అడగనే లేదని చెప్పలేదు.

విచారణ గదిలో పొడుగాటి బల్ల, నెమ్మదిగా తిరిగే ఫ్యాను, మూలన నీళ్ళ కూజా. బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో కళ్ళజోడు పెద్దావిడ, ఆవిడే అధ్యక్షురాలు. కుడివైపు తెల్లమీసాల పెద్దమనిషి, రిటైరైన ఏజెంటట. ఎడమవైపు ఒకాయన వంచిన తల ఎత్తకుండా రాసుకుంటున్నాడు. ఈ పక్కన ఒక బెంచీ మీద బావ, నేను. ఆ పక్కన టైలరమ్మ ఒక్కతే. అక్క బయట వరండాలో కూర్చుంది.

టైలరమ్మ అరవలేదు, ఏడవలేదు. ఏ రోజు ఏమైందో వరసగా చెప్పింది. చొక్కాల సంగతి చెప్పింది. చివర్లో నా వైపు చెయ్యి చూపించింది.

"ఈ అమ్మాయి మీద నాకేం ఫిర్యాదు లేదండి. ఎండలో వచ్చి ఓపిగ్గా చూపించింది. పోయేటప్పుడు వీపంతా సున్నం అంటుకుంటే నేనే దులిపాను. అంత ఎండాకాలంలో సున్నం చేతికి తడిగా అంటుకుంటోందంటే నాకు అప్పుడే అనుమానం రావాలి. రాలేదు. నా బుద్ధితక్కువ."

"మీకు గోడ సంగతి తెలుసా?" అని పెద్దావిడ బావనడిగింది.

"లేదండి. ఇంటాయన చెప్పలేదు. రంగేసి ఉంది, చూస్తే బాగానే ఉంది." బావ గొంతు నున్నగా ఉంది. ఇల్లు చూపించేటప్పుడు ఉండే గొంతే.

మీసాలాయన ఫైలు తిరగేస్తున్నాడు. నేను కట్టిన దారం విప్పి, నేను వేసిన నంబర్ల వరసలోనే చూస్తున్నాడు. ఒక కాగితం దగ్గర ఆగాడు. దాన్ని మా వైపు తిప్పి, వేలు పెట్టి చూపించాడు.

"ఈ చుక్కేంటి?"

వంగి చూశాను. వెనక గది. ఉత్తరం గోడ. ఎర్రగా, గుండ్రంగా, శ్రద్ధగా పెట్టిన చుక్క.

"పెన్సిలు తగిలుంటుందండి," అన్నాడు బావ వెంటనే.

"ఎవరు గీశారీ నక్షా?"

"నేనండి," అన్నాను.

"అయితే మీరు చెప్పండమ్మా."

బావ నా వైపు చూశాడు. బెదిరిస్తున్నట్టు కాదు, మొదటిసారి నన్ను ఇల్లు చూపించడానికి పంపేటప్పుడు ధైర్యం చెబుతూ చూసినట్టే చూశాడు. గుర్తులేదండి అంటే చాలు. అంతటితో ఫైలు మూసేస్తారు, మేం ఇంటికి పోతాం. ఇంకో నెలకి నా ఆకుపచ్చ కవరు వస్తుంది. అన్నీ తెలుసు నాకు. ధర్మం, న్యాయం లాంటివేవీ మనసులోకి రాలేదని ఒట్టేసి చెబుతాను. ఒళ్ళు మండింది, అంతే. బావ మీద కాదు. ఆవిడ తన బుద్ధితక్కువ అందే, ఆ మాటకి మండింది. ఎవరి బుద్ధితక్కువని ఎవరు మోయాలి?

"అది నేను నిలబడ్డ చోటండి."

పెద్దావిడకి అర్థం కాలేదు. "నిలబడ్డమేంటి?"

"గోడ కనపడకుండా."

రాసుకునే ఆయన మొదటిసారి తలెత్తాడు. మీసాలాయన మాత్రం ఆశ్చర్యపోలేదు. కాగితాన్ని మెల్లిగా తన వైపు తిప్పుకుని, "మా రోజుల్లో పచ్చసిరాతో పెట్టేవాళ్ళం," అని గొణుక్కున్నాడు. దగ్గరున్నాను కాబట్టి నాకు వినిపించింది.

టైలరమ్మ తన కుడి అరచేతిని ఓసారి చూసుకుంది. తర్వాత దాన్ని ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండో చెయ్యి మూసింది. నన్ను తిడుతుందేమోనని చూశాను. మళ్ళీ నా మొహంలోకి చూడలేదు.

బయటికొస్తే వాన. ముగ్గురికీ రెండే గొడుగులు. అక్క ఒక గొడుగు తీసుకుని ముందు నడిచి వెళ్ళిపోయింది. బావ, నేను రెండో గొడుగు కింద.

"గుర్తులేదంటే సరిపోయేది కదే," అన్నాడు. గొడుగు నా వైపే వంచి పట్టుకున్నాడు, తన భుజం తడిసి ముద్దయింది. నాలుగు తిట్టుంటే నా ప్రాణం హాయిగా ఉండేది.

పది రోజుల్లో రెండు ఆకుపచ్చ కవర్లు ఒకేసారి వచ్చాయి. బావ లైసెన్సు ఏడాది సస్పెండ్. ఇంటాయనా బావా కలిసి ఆ గోడ తవ్వించి బాగు చేయించాలి. రెండో కవరు నా పేరునే వచ్చింది. నా దరఖాస్తు కొట్టేశారు. రెండేళ్ళ దాకా మళ్ళీ పెట్టుకోకూడదు. ఈసారి పైకి చదవలేదు.

అక్క నాతో మాట్లాడ్డం మానేసింది. పస్తులు పెట్టలేదు, గెంటేయలేదు; మాట ఒక్కటి ఆపేసింది. నేను ఎదురుగా కూర్చుని ఉంటే, "మీ మరదల్ని టీ తాగమనండి, చల్లారిపోతోంది," అని బావతో చెప్పేది.

"ఇక్కడే ఉంది కదా, నువ్వే చెప్పు."

"చెవులున్నాయిగా, వింటుందిలెండి."

వినేదాన్ని. తాగేదాన్ని. గ్లాసు కడిగి బోర్లించేదాన్ని. గోడకి చెప్పుకున్నట్టు, "టీ బాగుంది," అనేదాన్ని.

బావ ఒక రంగుల కొట్లో పనికి కుదిరాడు. మొదటి వారంలోనే కొట్టు యజమానితో గొడవ పడ్డాడు. చెమ్మ గోడ మీద రంగేస్తే దండగ, ముందు గోడ సంగతి చూసుకోండని వచ్చినవాళ్ళందరికీ చెప్పి వెనక్కి పంపుతున్నాడట. ఆ సంగతి అన్నం దగ్గర చెప్పి తనే నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అక్క లేచి లోపలికి వెళ్ళింది.

ఒకసారి టైలరమ్మ వీధి మీదుగా వెళ్ళాను. వెళ్ళాల్సిన పనేం లేదు. వెనక గది కిటికీలోంచి చూస్తే ఉత్తరం గోడ ఇటుకలు బయటపడి ఉన్నాయి, ఇద్దరు మేస్త్రీలు పని చేస్తున్నారు. ఆవిడ వాకిట్లో స్టూలు వేసుకుని చేత్తో బొత్తాలు కుడుతోంది. నన్ను చూసింది. రమ్మనలేదు. పొమ్మనలేదు. దారం పళ్ళతో తెంపి ఇంకో బొత్తాం తీసుకుంది. నేను వచ్చిన దారినే తిరిగి వచ్చేశాను.

వానలు వెనకబట్టేసరికి మేమే ఇల్లు వెతుక్కోవాల్సి వచ్చింది. కిందా పైనా కలిపి అద్దెకి తీసుకున్న ఇల్లు అది. ఆఫీసు లేకపోయాక అంత ఇల్లు మాకెందుకు, ఆ అద్దె కట్టే తాహతెక్కడిది? కొక్కేలు పీకేశాను. గోడ నిండా చిన్న చిన్న చిల్లులు మిగిలాయి. ఎర్ర పెన్సిలు బావ ఎక్కడ పడేశాడో నేనడగలేదు.

మాకు ఇళ్ళు చూపించిన ఏజెంటుకి బావ వయసే ఉంటుంది, బాగా మాటకారి. బావ తను ఎవరో చెప్పుకోలేదు. మొదటి రెండు ఇళ్ళూ కుదరలేదు. మూడోది రెండు గదులది, అక్కకి వంటగది నచ్చింది. చూస్తూ చూస్తూ వెనక గదిలోకి వెళ్ళాం.

వెళ్ళగానే ఏజెంటు ఎడమ చేతి గోడ దగ్గరికి పోయి ఆనుకున్నాడు. గాలి బాగా వస్తుందన్నాడు. పక్కింటివాళ్ళు దేవుళ్ళన్నాడు. మాట ఆపకుండా, అక్కడి నుంచి కదలకుండా చెప్పుకుపోతున్నాడు. బావ నా వైపు చూశాడు. నేను బావ వైపు చూశాను. ఏ మొహం పెట్టుకుని జరగమని అడుగుతాం?

"అన్నయ్యగారూ, మీరు కాస్త పక్కకి జరుగుతారా?" అంది అక్క.

"ఎందుకమ్మా?"

"ఊరికే. జరగండి."

జరిగాడు. చూడ్డానికి మామూలు గోడే. అక్క తన చేతిలో సంచీ నా వైపు చూడకుండానే నా చేతికిచ్చింది. గోడ మీద అరచెయ్యి ఆనించింది. ఒకచోట కాదు, పైన పెట్టింది, పక్కన పెట్టింది, తర్వాత కింద కూర్చుని నేలకి ఆనుకున్న దగ్గర కూడా పెట్టి కాసేపు అలాగే ఉంచింది. ఏజెంటు బిక్కమొహం వేసుకుని చూస్తున్నాడు.

అక్క లేచి అరచెయ్యి చూసుకుంది. వేళ్ళు ఒకదానికొకటి రాసి చూసుకుంది. బావ వైపు తిరగలేదు.

"పొడిగానే ఉందే," అంది నాతో. "నువ్వు కూడా ఓసారి చూడు."

సంచీ కింద పెట్టి వెళ్ళి, అక్క చెయ్యి పెట్టిన చోటే నా చెయ్యి పెట్టాను.